గంజాయి: రాష్ట్రం ఒప్పుకున్నా హెచ్1బీ వాళ్లకు ఇబ్బందేనా? తెలిసినవాళ్లు చెప్పండి

అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో 21 ఏళ్లు నిండితే డిస్పెన్సరీలో (లైసెన్సున్న గంజాయి దుకాణంలో) గంజాయి కొనుక్కోవచ్చు. దగ్గర ఉంచుకునే పరిమితి 2 ఔన్సులు. గంజాయి కలిపిన చాక్లెట్ అయితే ఒక్కో ముక్కలో 10 మిల్లీగ్రాముల టీహెచ్‌సీ (మత్తునిచ్చే పదార్థం), ప్యాకెట్ మొత్తానికి 100. ఇక్కడిదాకా గొడవలేదు.

అదే ప్యాకెట్ కారులో డాలస్‌కి వస్తే కథ మారిపోతుంది. టెక్సాస్‌లో ఆకు 2 ఔన్సుల లోపు ఉంటే మిస్‌డిమీనర్ (చిన్న నేరం), 180 రోజుల వరకు జైలు. చాక్లెట్ అయితే ఫెలనీ (పెద్ద నేరం)! పైగా తూకం వేసేది టీహెచ్‌సీని కాదు, కోకో, చక్కెరతో సహా మొత్తం ముక్కని. 50 గ్రాముల బార్‌కి 2 నుంచి 20 ఏళ్ల శిక్ష పడే సెక్షన్ వర్తిస్తుంది.

నా అసలు ప్రశ్న ఇమిగ్రేషన్ గురించి. అది ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) వ్యవహారం కాబట్టి రాష్ట్రం ఇచ్చిన అనుమతి అక్కడ చెల్లదు. కేసు లేకపోయినా, నేరం చేసినట్టు అధికారి ముందు ఒప్పుకుంటే చాలు, గ్రీన్‌కార్డు ఆగిపోవచ్చు. అబద్ధమాడితే అది ఇంకో నేరం. 30 గ్రాముల మినహాయింపు ఉందంటారు గానీ, అది దేశం నుంచి పంపేసే సెక్షన్‌లోది, గ్రీన్‌కార్డు ఆపే సెక్షన్‌లోది కాదు.

మరి గ్రీన్‌కార్డు మెడికల్ పరీక్షలో సివిల్ సర్జన్ (ఆ పరీక్ష చేయడానికి ఇమిగ్రేషన్ శాఖ గుర్తించిన డాక్టరు) ‘గంజాయి ఎప్పుడైనా వాడారా’ అని అడిగితే, డాక్టరుకి చెప్పిన జవాబు కూడా ఒప్పుకోలు కిందికే వస్తుందా? డాక్టరు సిఫారసుతో తీసుకున్న మెడికల్ గంజాయి కార్డు ఉంటే లాభమా, నష్టమా? ఇలాంటి ఫైళ్లు చూసిన లాయర్లు, పారాలీగల్‌లు (లాయర్ల సహాయకులు) ఏ సెక్షన్ కింద అనేది కూడా రాయండి. ‘ఏం కాదులే’ అనే జవాబులు వద్దు.