దెబ్బతిన్న ఈ-ఆటో బ్యాటరీ: ఇంట్లో విప్పొచ్చా?

ఆమదాలవలస కుర్రోడు: మా బావ ఈ-ఆటో డివైడర్‌ని గుద్దింది. బ్యాటరీ పెట్టెకి అడుగున సొట్ట పడింది, ఒక మాడ్యూల్ (కొన్ని సెల్స్ కలిపిన కట్ట) ఉబ్బింది. మీటరు పెడితే వోల్టేజీ బాగానే ఉంది. ఉబ్బినది పక్కనపెట్టి మిగతావి ఇన్వర్టర్‌కి వాడతానంటున్నాడు. ఏటండీ, విప్పొచ్చా?

రాజాం ఎలక్ట్రీషియన్: విప్పొచ్చు తమ్ముడూ. బ్యాటరీ ఎల్ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రకమైతే ఎన్ఎంసీ (నికెల్, మాంగనీస్, కోబాల్ట్) రకమంత తేలిగ్గా అంటుకోదు. 48 వోల్టులేగా! గ్లవ్స్ వేసుకుని, ఉంగరం తీసి, పానాకి టేపు చుడితే సరి. అంత ఖరీదు సరుకు పాతసామాన్ల వాడికి ఇచ్చేస్తామా?

బొబ్బిలి మాస్టారు: ఎల్ఎఫ్‌పీ నిదానమే, కాదనను. కానీ వోల్టేజీ చూసి బాగుందనడం నాకు నచ్చలేదు. సెల్‌లో ప్లస్‌కీ మైనస్‌కీ మధ్య ఉండేది వెంట్రుక కన్నా పల్చటి ప్లాస్టిక్ పొర. సొట్ట పడ్డచోట అది నలిగినా మీటరు ఈరోజు మామూలుగానే చూపిస్తుంది. తర్వాత ఎప్పుడో, ముఖ్యంగా చార్జింగ్ పెట్టినప్పుడు, లోపల షార్ట్ అవ్వొచ్చు. ఉబ్బు అంటే లోపల గ్యాస్ పుట్టిందనే. అది బయటికొస్తే మండుతుంది, మూసిన గదిలో నిండితే పేలుతుంది కూడా. ఎల్ఎఫ్‌పీకీ ఇందులో మినహాయింపు లేదు. ఇక 48 వోల్టులు షాక్ కొట్టకపోవచ్చు గానీ, పానా జారి రెండు టెర్మినళ్ల మీద పడితే వందల ఆంపియర్లు పారతాయి.

చార్జింగ్ పెట్టొద్దు, పొడవొద్దు. చల్లగా, చప్పుడు లేకుండా ఉంటేనే కదపండి. టెర్మినళ్లకి టేపు వేసి, ఇంటికీ గడ్డివాముకీ బండ్లకీ దూరంగా, ఎండా వానా తగలని సిమెంటు నేల మీద ఉంచండి. గాలి ఆడని డబ్బాలో బిగించొద్దు. బుసబుస చప్పుడు, తియ్యటి వాసన, పొగ వస్తే దగ్గరికి పోకుండా 101కి ఫోన్ చేయండి. ఆ పొగలో హైడ్రోజన్ ఫ్లోరైడ్ అనే విషవాయువు ఉంటుంది, చేతిరుమాలు దాన్ని ఆపదు.

కళింగపట్నం: ఉప్పునీళ్ల బకెట్లో ముంచేస్తే చార్జి పోతుంది కదా?

బొబ్బిలి మాస్టారు: ముందు టెర్మినళ్లు తినేస్తుంది, లోపల చార్జి అలాగే మిగిలిపోవచ్చు. పైగా హైడ్రోజన్, క్లోరిన్ పుడతాయి. వద్దు.

రాజాం ఎలక్ట్రీషియన్: సరే మాస్టారూ, ఉబ్బినది విప్పను. మరి ఎవరు తీసుకెళ్తారు? డీలరు మాకు సంబంధం లేదంటాడు.

బొబ్బిలి మాస్టారు: 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడేసిన బ్యాటరీల సేకరణ బాధ్యత తయారీదారుదే. సీరియల్ నంబరు, ఫొటోలు పెట్టి కంపెనీకే మెయిల్ చేయండి. పలక్కపోతే కాలుష్య నియంత్రణ మండలికి రాయండి. బస్సు పార్సిల్లో మాత్రం పంపొద్దు.

రాజాం ఎలక్ట్రీషియన్: మెయిల్‌కి జవాబు వచ్చేదాకా పెరట్లో కాపలా ఎవరండీ? చట్టం విజయవాడలో ఉంటుంది, బ్యాటరీ మనింట్లో ఉంటుంది.

ఆమదాలవలస కుర్రోడు: కళ్లంలో రేకుల షెడ్డు కింద పెట్టించాను. సొట్ట పడని మాడ్యూళ్ల సంగతేంటి?

బొబ్బిలి మాస్టారు: అవీ అదే దెబ్బ తిన్నాయి. ఇంటర్నల్ రెసిస్టెన్స్ (కరెంటుకి సెల్ లోపలి అడ్డు), కెపాసిటీ (ఎంత చార్జి పట్టేదీ) కొలిచే పరికరాలున్న చోట చూపించాకే మాట్లాడదాం. అప్పుడు కూడా పడగ్గదిలో ఇన్వర్టర్‌కి నేను ఒప్పుకోను.

రాజాం ఎలక్ట్రీషియన్: వరండాలో అయితే?