సునామీకి పూర్వజన్మ కర్మ జవాబవుతుందా?

వేళచ్చేరి వాసి:
దేవుడు దయామయుడైతే లోకంలో ఇంత చెడు ఎందుకని అడిగితే, మనిషి చేసే చెడుకి మనిషి స్వేచ్ఛే కారణం అంటారు, సరే. మరి 2004 డిసెంబరు 26న మన చెన్నై మెరీనాలో పొద్దున్నే నడకకి వచ్చినవాళ్లని, ఆడుకుంటున్న పిల్లల్ని సముద్రం లాక్కుపోయింది కదా, అందులో ఎవరి స్వేచ్ఛ ఉంది? సుమత్రా దగ్గర భూమి కదిలాక అల మన దాకా రావడానికి రెండు గంటలకు పైనే పట్టింది. మనకి తెలియలేదు సరే, సర్వజ్ఞుడికి తెలుసుగా!

పెరంబూరు:
2015 వరదలో మునిగిన వేళచ్చేరిలో ఉంటూ దేవుణ్ణి అడుగుతారేం? చెరువుల్లో ఇళ్లు కట్టింది మనమే.

వేళచ్చేరి వాసి:
అందుకేనండీ, వరద ఊసెత్తకుండా సునామీ అన్నాను.

మైలాపూరు బాబాయ్:
ఈ ఆక్షేపణ వేదాంతానికి మూలగ్రంథమైన బ్రహ్మసూత్రాల్లోనే ఉంది బాబూ (2.1.34). ఈశ్వరుడికి పక్షపాతం, నిర్దయ లేవు, ప్రాణుల కర్మను బట్టే ఫలం ఇస్తాడని జవాబు. శంకరులు వానతో పోల్చారు. వాన అన్ని చేలకీ ఒకటే, వరి పండినా యవలు పండినా విత్తనాన్ని బట్టి.

వేళచ్చేరి వాసి:
పోలిక బాగుంది బాబాయ్ గారూ. కానీ మొదటి కర్మ ఎక్కడిదని అడిగితే, తర్వాతి సూత్రం సంసారానికి మొదలే లేదంటుంది. ప్రశ్నని వెనక్కి జరపడమే కదా ఇది? పైగా లెక్క ప్రకారమే ఇచ్చేటట్టయితే అది గుమాస్తా పని, దయామయుడని ఎందుకు పిలవాలి? శిక్ష పడ్డ పిల్లవాడికి తాను చేసిన తప్పేమిటో గుర్తు కూడా లేదు. సముద్రం ఒడ్డున శ్రీనివాసపురంలో బిడ్డను పోగొట్టుకున్న తల్లి ముందు నిలబడి, మీవాడి పాపం పండిందమ్మా అని చెప్పగలరా?

మైలాపూరు బాబాయ్:
చెప్పను. అది మర్యాద. అంతమాత్రాన సిద్ధాంతం తప్పయిపోదు. లెక్క ఉంది కాబట్టే ఎవడికీ అన్యాయం జరగదని నా ధైర్యం. అయినా భక్తుడు లెక్కలతో సరిపెట్టుకోడులే, గోల్కొండ చెరలో రామదాసు రాముణ్ణే నిలదీశాడు.

శాంథోమ్ చెల్లి:
మా బైబిల్లో, పిల్లల్నీ ఆస్తినీ పోగొట్టుకున్న యోబు కథా అంతే. నువ్వేదో పాపం చేసే ఉంటావని స్నేహితులు అతన్ని వాయించారు. చివరికి దేవుడు కోప్పడింది ఆ స్నేహితుల మీదే, నిలదీసిన యోబు మీద కాదు. కష్టంలో ఉన్నవాడికి కారణాలు చెప్పేవాళ్లంటే ఆయనకే పడదు అన్నా.

వేళచ్చేరి వాసి:
ఆ మాట నచ్చింది చెల్లీ. కానీ కథ చివర యోబుకి మళ్లీ పదిమంది పిల్లలు పుట్టారు. ముందు చనిపోయిన పదిమంది లేచి రాలేదు. వాళ్ల సంగతేమిటి?