గంటస్తంభం ట్రాఫిక్‌లో స్పోర్ట్స్ బైక్: హాఫ్ క్లచ్ తప్పా, ఒప్పా?

కోటవీధి కుర్రోడు

కేటీఎం ఆర్‌సీ 390 స్పోర్ట్స్ బైకు సెకండ్ హ్యాండ్‌లో తీసుకుని మూడు నెలలైంది. భోగాపురం వైపు హైవే ఎక్కితే బండి వెన్నలా పోతుంది, ఊళ్లోకి వచ్చానంటే మాత్రం నరకం. నిన్న సాయంత్రం విజయనగరంలో గంటస్తంభం నుంచి మూడు లాంతర్ల వైపు వస్తున్నాను. ముందు సర్వీసు ఆటో, పక్కన జామకాయల బండి, ఆ సందులో స్కూటీ మీద ఒకావిడ. పది కిలోమీటర్ల స్పీడు కూడా లేదు. ఎవరో చెయ్యెత్తారని ఆటో టక్కున ఆగిపోయింది. నేను పక్కనుంచి పోదామని హాండిల్ కుడికి తిప్పి ఉన్నాను, కంగారులో ముందు బ్రేకు గట్టిగా నొక్కాను, అంతే, బండి కుడివైపు కూలబడిపోయింది. దెబ్బలేం తగల్లేదు. బ్రేకు లివరు కొస విరిగింది, ఫెయిరింగు (బండి చుట్టూ ఉండే ప్లాస్టిక్ కవరు) మీద జానెడు గీత పడింది. జామకాయలాయన వచ్చి బండి లేపడానికి ఓ చెయ్యేసి "ఇంత ఖరీదు పెట్టి కొన్నావు, నిలబడదేటి బాబూ" అన్నాడు. గీత కన్నా అదే ఎక్కువ బాధగా ఉంది.

ఇప్పుడు నా డౌటు. హాఫ్ క్లచ్‌లో, అంటే లివరు సగమే వదిలి నడిపితే క్లచ్ ప్లేట్లు కాలిపోతాయి, వదిలితే పూర్తిగా వదులు, పడితే పూర్తిగా పట్టు అంటాడు మా మెకానిక్. అలా నడిపితే ఫస్ట్ గేర్లో బండి కప్పలా గెంతుతోంది. మా ఫ్రెండేమో ట్రాఫిక్‌లో హాఫ్ క్లచ్, వెనక బ్రేకు తప్ప వేరే దారి లేదంటాడు. ఎవరి మాట వినాలి?

నెల్లిమర్ల రైడర్

మీ ఫ్రెండ్ మాట వినండి. ఇందులో చర్చే లేదు.

గెంతడానికి కారణం చెప్తా. మీది 373 సీసీ సింగిల్ సిలిండర్. ఫోర్ స్ట్రోక్ కాబట్టి ఇంజిన్ రెండు చుట్లు తిరిగితే ఒక్కసారి పేలుతుంది. ఆర్‌పీఎం బాగా పడిపోయినప్పుడు ఆ పేలుడుకీ తర్వాతి పేలుడుకీ మధ్య ఖాళీ మీకు కుదుపులా తెలుస్తుంది. పైగా స్పోర్ట్స్ బళ్లకి ఫస్ట్ గేరే కాస్త పొడుగ్గా ఉంటుంది, అంటే క్లచ్ పూర్తిగా వదిలేశాక మనిషి నడిచే వేగంలో పోవడం దాని వల్ల కాదు. దాన్ని అలా పోనివ్వాలంటే మధ్యలో ఏదో ఒకటి జారాలి, ఆ జారేదే క్లచ్.

వెనక బ్రేకు సంగతి చాలామందికి తెలీదు. చెయిన్‌లో ఎప్పుడూ కొంచెం వదులు ఉంటుంది కదా, రేజింగ్ తగ్గించి మళ్లీ ఇచ్చినప్పుడల్లా ఆ వదులు ఒక్కసారి బిగుసుకుని 'టక్' మంటుంది. మనం జర్క్ అనేది సగం అదే. వెనక బ్రేకు మీద కాలు తేలిగ్గా ఆనించి, రేజింగ్ కొద్దిగా నిలకడగా ఉంచితే చెయిన్ ఎప్పుడూ బిగుతుగానే ఉంటుంది. ఇక స్పీడు పెంచడం, తగ్గించడం అంతా క్లచ్ వేళ్లతోనే. ముందు బ్రేకు మీంచి వేళ్లు తీసెయ్యండి, హాండిల్ తిప్పి ఉన్నప్పుడు దాన్ని ముట్టుకుంటే నిన్న జరిగిందే మళ్లీ జరుగుతుంది.

పాత బస్టాండ్ 300

ఏటి గురూ, చర్చే లేదని అంత ఈజీగా తేల్చేశావు? నాది 300 సీసీ ట్విన్, అంటే రెండు సిలిండర్లు. నువ్వు చెప్పినట్టే రెండేళ్లు నడిపాను. ఇరవై వేల కిలోమీటర్లు తిరక్కుండా రెండుసార్లు క్లచ్ ప్లేట్లు మార్చాను. రెండోసారి విప్పినప్పుడు చూశాను, స్టీలు ప్లేట్లు నీలం రంగు తిరిగిపోయాయి, ఇంజిన్ ఆయిల్ దించితే మాడిన వాసన. ఆ బిల్లు నువ్వు కడతావా? క్లచ్ ఉన్నది గేరు మార్చడానికి. దాని మీద చెయ్యేసుకుని రోజంతా ఊరు తిరగడానికి కాదు.

అసలు మాట ఒకటి చెప్తాను, తిట్టుకోండి. కంటోన్మెంట్ నుంచి కోట దాకా పోవడానికి 43 పీఎస్ పవరున్న బండి ఎందుకు? ఊళ్లోకి స్కూటీ, హైవేకి ఇది. నేనిప్పుడు అలాగే చేస్తున్నాను, నడుం నొప్పి కూడా పోయింది.

నెల్లిమర్ల రైడర్

రెండు బళ్లు పెట్టుకునే స్తోమత అందరికీ ఉండదు బాస్. వాడు అడిగింది ఉన్న బండి ఎలా నడపాలని, ఏ బండి కొనాలని కాదు.

రింగురోడ్డు అక్క

నేను అపాచీ ఆర్ఆర్ 310 మీద రోజూ ఉద్యోగానికి వెళ్తాను, దారిలో ఆర్టీసీ కాంప్లెక్స్ తప్పదు. నా ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు, సీటు ఎత్తు 810 మిల్లీమీటర్లు. రెండు కాళ్లూ ఒకేసారి ఆనవు. మొదట్లో దూరంగా ట్రాఫిక్ కనబడగానే రెండు కాళ్లూ కిందకి వేలాడేసి బాతులా తోసుకుంటూ పోయేదాన్ని. అదే పెద్ద తప్పని తర్వాత తెలిసింది. కాళ్లు కింద ఉంటే వెనక బ్రేకు ఎవరు వేస్తారు? దాంతో చెయ్యి తప్పకుండా ముందు బ్రేకు మీదకే పోతుంది.

ఇప్పుడు బండి పూర్తిగా ఆగేదాకా రెండు కాళ్లూ ఫుట్‌రెస్టుల మీదే. ఆగే ముందు సీటు మీద కాస్త ఎడమకి జరిగి ఎడమకాలు ఒక్కటే దించుతాను, కుడికాలు బ్రేకు మీదే ఉంటుంది. మోకాళ్లతో ట్యాంకుని గట్టిగా పట్టుకోండి తమ్ముడూ. క్లిప్-ఆన్ హాండిళ్ల (వంగి పట్టుకునే పొట్టి హాండిళ్లు) మీద ఒంటి బరువంతా మోపితే గుంత వచ్చినప్పుడల్లా మణికట్టు కదిలి రేజింగ్ దానంతటదే ఎక్కుతుంది, దిగుతుంది. బండిది తప్పనుకుంటాం, నిజానికి మన చెయ్యి.

ఇంకోటి, యూ-టర్న్. ఈ బళ్లకి హాండిల్ పూర్తిగా తిరగదు, ఎక్కువ తిరిగితే ట్యాంకుకో ఫెయిరింగుకో తగులుతుంది మరి. స్కూటీ తిరిగే చోట మన బండి తిరగదు, సిగ్గుపడకుండా దిగి వెనక్కి తోసుకోవడమే. మీ బండిలో రైడ్ మోడ్‌లుంటే ఊళ్లో రెయిన్ పెట్టుకోండి. నా బండికి అర్బన్, రెయిన్ రెండూ ఉన్నాయి, వాటిలో రేజింగ్ మెత్తగా అందుతుంది.

గ్రీజు చేతులు

నేను ఇరవై ఏళ్లుగా బళ్లు విప్పుతున్నాను, వయసులో మీ అందరికన్నా పెద్దవాణ్ణి, అందుకని కొంచెం ఎక్కువ రాస్తాను.

హాఫ్ క్లచ్ వేస్తే ప్లేట్లు పోతాయనే మాట కార్ల దగ్గర్నుంచి వచ్చింది. కారు క్లచ్ డ్రై, గాలి తప్ప దాన్ని చల్లార్చేది లేదు. మీ బళ్లకి ఉన్నది వెట్ క్లచ్, ఏడెనిమిది ప్లేట్లు ఇంజిన్ ఆయిల్‌లో మునిగి తిరుగుతుంటాయి, వేడిని ఆయిల్ లాగేస్తుంది. తక్కువ ఆర్‌పీఎంలో, నడక వేగంలో కొంచెం జారితే దానికేం కాదు. కాలేది ఎప్పుడంటే, ఐదారు వేల ఆర్‌పీఎంకి రేజింగ్ ఇచ్చి అది చాలక సగం పట్టి ఉంచినప్పుడు. మన కుర్రాళ్లు సౌండ్ కోసం చేసేది అదే.

పాత బస్టాండ్ 300 గారూ, రెండు ప్రశ్నలు. మీ క్లచ్ లివరుకి ఫ్రీ ప్లే ఎంత ఉండేది? లివరు కొస దగ్గర సుమారు సెంటీమీటరు ఖాళీగా ఆడాలి (కచ్చితమైన కొలత మీ బండి మాన్యువల్‌లో ఉంటుంది). కేబుల్ బిగించేసి ఖాళీ లేకుండా చేస్తే మీరు చెయ్యి తీసేసినా క్లచ్ పూర్తిగా పట్టుకోదు, హైవే మీద కూడా జారుతూనే ఉంటుంది. రెండోది, ఏ ఆయిల్ పోశారు? డబ్బా మీద జాసో ఎంఏ గానీ ఎంఏ2 గానీ ఉండాలి, వెట్ క్లచ్‌కి సరిపడే ఆయిల్ అని చెప్పే గుర్తు అది. కారు ఆయిల్‌లో రాపిడి తగ్గించే మందులు కలుపుతారు, అవి క్లచ్ ప్లేట్ల మధ్యకి చేరితే ఇక పట్టు ఎక్కడుంటుంది?

పాత బస్టాండ్ 300

ఆయిల్ కరెక్టే, డబ్బా ఇంకా ఇంట్లోనే ఉంది, చూశాను. ఫ్రీ ప్లే అంటే... లివరు లూజుగా ఉందని నేనే అడిగి టైట్ చేయించుకున్నాను మేస్టారూ. టచ్ చేస్తే చాలు పట్టుకునేలా. రెండుసార్లూ అలాగే ఉంది. సరే, ఆ బిల్లులో సగం నా ఖాతాలోనే వేసుకుంటాను.

కానీ వేడి సంగతేంటి? మే నెలలో సిగ్నల్ దగ్గర రేడియేటర్ ఫ్యాన్ తిరగడం మొదలైతే ఆ గాలంతా తొడల మీదకే. హాఫ్ క్లచ్ ఎంత బాగా వచ్చినా ఆ వేడి తగ్గదుగా. సిరిమానోత్సవం రోజు ఆ జనంలోకి ఈ బండి తీసుకెళ్లమని మీరెవరూ చెప్పరు కదా?

గ్రీజు చేతులు

దానికి నా దగ్గర మందు లేదు. అర నిమిషం దాటి ఆగితే ఇంజిన్ ఆపెయ్యండి, ఫుల్ ప్యాంటు వేసుకోండి. సిరిమాను మంగళవారం నేనే షాపు మూసి నడిచి వెళ్తాను.

కోటవీధి కుర్రోడు

అందరికీ థాంక్స్. పొద్దున్న నా లివరు చూసుకున్నాను, ఖాళీ దాదాపు లేదు. ఈ బండి ఇంతకుముందు ఎవరి దగ్గర ఉందో గానీ ఆయన కూడా 300 అన్నలాగే టైట్ చేయించుకున్నట్టున్నాడు. అడ్జస్టర్ కొంచెం తిప్పి వదులు చేశాను. చెయిన్ కూడా బాగా సాగి ఉంది, అది రేపు చేయిస్తాను.

సాయంత్రం మా వీధిలోనే వెనక బ్రేకు మీద కాలేసి నడిపి చూశాను. మొదటి రెండు రౌండ్లు ఆగిపోయింది, మా పక్కింటి పిన్ని గేటు దగ్గర నిలబడి చూస్తోంది, టెన్షన్. నాలుగో రౌండుకి మాత్రం ఆవిడ కుక్క పక్కనే నడిచేంత నెమ్మదిగా, కాలు దించకుండా వీధి చివరిదాకా వెళ్లాను.

రింగురోడ్డు అక్క

భలే. ఆదివారం పొద్దున్న ఆరింటికి అయోధ్య మైదానానికి వచ్చెయ్, జనం రాకముందే నీళ్ల సీసాలు పెట్టి ఎనిమిది అంకె తిప్పుదాం. చూపు సీసా మీద పెట్టకుండా తిరగాల్సిన చోటు మీద పెట్టడం అక్కడే అలవాటవుతుంది. స్కూటీ పెద్దమనిషి కూడా రావచ్చు, కానీ 300 మీదే రావాలి.

పాత బస్టాండ్ 300

వస్తాను. బ్యాటరీ వీక్ అయి ఉంటుంది, తోసి స్టార్ట్ చెయ్యడానికి ఇద్దరు కావాలి.