అప్‌డేట్: ఏడో నెలలో ఆఫర్ వచ్చింది

ఉద్యోగం పోయి నాలుగు నెలలైంది, జావాలో ఐదేళ్ల అనుభవం ఉన్నా ఒక్క ఆఫరూ లేదు, ఇంకెంతకాలం పడుతుందని అడిగాను కదా. మొత్తం ఏడు నెలలు పట్టింది. ఓపిగ్గా జవాబిచ్చిన ప్రతి ఒక్కరికీ రుణపడి ఉంటాను.

మీలో చాలామంది చెప్పింది రిఫరల్ గురించే, అంటే కంపెనీలో పనిచేసే తెలిసినవాళ్లతో మన పేరు సిఫారసు చేయించుకోవడం. నాకేమో అడగడానికి మొహమాటం. చివరికి పాత టీమ్‌లో పనిచేసిన పదకొండు మందికి ఒక్కొక్కరికీ విడిగా ఫోన్ చేశాను. జాబ్ ఐడీ, దానికి తగ్గట్టు మార్చిన రెజ్యూమే నేనే పంపాను, వాళ్లకు శ్రమ లేకుండా. మూడు వారాల్లో నాలుగు ఇంటర్వ్యూలు వచ్చాయి. అంతకుముందు నౌకరీ అనే జాబ్ సైట్‌లో రెండొందలకు పైగా అప్లై చేస్తే వచ్చినవి మూడే! నౌకరీ ప్రొఫైల్‌లో నోటీస్ పీరియడ్ (పాత ఉద్యోగం వదలడానికి పట్టే గడువు) ఇంకా 90 రోజులనే ఉందని కూడా అప్పుడే చూశాను. వెంటనే చేరగలనని మార్చాక కాల్స్ పెరిగాయి.

ఒక్క జాగ్రత్త మాత్రం గట్టిగా చెబుతాను. ఆఫర్ వచ్చాక వెరిఫికేషన్‌లో నాకు రెండు వారాలు పోయాయి, ఎందుకంటే పాత కంపెనీ నా పీఎఫ్ ఖాతాలో ఎగ్జిట్ డేట్ (ఉద్యోగం మానేసిన తేదీ) వేయలేదు. మానేసి రెండు నెలలు దాటితే పీఎఫ్ చూసే ఈపీఎఫ్‌ఓ సంస్థ పోర్టల్‌లో ఆధార్ ఓటీపీతో మనమే వేసుకోవచ్చు. రిలీవింగ్ లెటర్‌లోని తేదీతో సరిచూసుకుని వేయండి. వెతుకుతున్నవాళ్లు ఈరోజే ఆ పోర్టల్‌లో సర్వీస్ హిస్టరీ తెరిచి ఆ తేదీ ఉందో లేదో చూడండి, దయచేసి.

సోమవారం గచ్చిబౌలిలో జాయినింగ్. అమ్మకు ఇంకా నమ్మకం కుదరడం లేదు, ఆఫర్ లెటర్ రెండుసార్లు చదివించుకుంది.