ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్‌పై నిషేధం ఎత్తేయాలా?

కొల్లేరు గట్టు:
ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ పెంపకాన్ని మన దేశంలో 2000లో నిషేధించారు. 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఉన్నవాటిని కూడా నాశనం చేయమంది. అయినా దొంగచాటుగా పెంచుతూనే ఉన్నారు, మన దేశవాళీ క్యాట్‌ఫిష్ ‘మార్పు’ (మాగుర్) పేరుతో అమ్ముతూనే ఉన్నారు. నైజీరియాలో ఇదే చేపను ఇంటి వెనక సిమెంటు తొట్టెల్లో పెంచుకుని బతికే కుటుంబాలు ఎన్నో. ఆరేడు నెలల్లో కిలో తూగుతుంది. నీళ్లలో ఆక్సిజన్ పడిపోయినా పైకొచ్చి గాలి పీల్చుకుంటుంది, తెల్లవారుజామున చేప తేలుతుందేమోనన్న టెన్షన్ లేదు. మెకాంగ్ నది చేప పంగాసియస్‌కు అనుమతి ఇచ్చినవాళ్లు దీన్నెందుకు ఆపాలి?

పులుసు ప్రియుడు:
ఇది తింటే క్యాన్సర్ వస్తుందట కదా అన్నా?

రాత్రి డ్యూటీ:
అది వాట్సాప్ మాట. ఆఫ్రికాలో తరతరాలుగా తింటున్నారు. కుళ్లిన కోళ్ల వ్యర్థాలు పోసి పెంచితే ఏ చేపకైనా భయపడాల్సిందే, అక్కడ తప్పు మేతది.

నా అభ్యంతరం వేరు. ఇది రాత్రి తిరిగే చేప. పగలు అడుగున బురదలో పడి ఉంటుంది. చీకటి పడ్డాక నాలుగు జతల మీసాలతో తడుముకుంటూ వేటకు బయల్దేరుతుంది. చేపలు, కప్పలు, నత్తలు, పురుగులు, ఏదీ వదలదు. సొంత జాతినీ వదలదు. హ్యాచరీలో పిల్లల్ని సైజు చూసి వేరు చేయకపోతే, కాస్త పెద్దది చిన్నదాన్ని తోక వైపు నుంచి తినుకుంటూ వచ్చి, తల మింగుడుపడక వదిలేస్తుంది. పొద్దున తొట్టెలో తలలు మిగులుతాయి. రాజస్థాన్‌లో భరత్‌పూర్ కేవలాదేవ్ పార్కులోకి ఈ చేప చేరితే వలలేసి తీయాల్సి వచ్చింది. పక్షుల కోసం పెట్టిన పార్కు అది!

కొల్లేరు గట్టు:
బ్రో, చెరువులో ఇది తనంతట తాను గుడ్లు పెట్టదు. ఆడచేపకు హార్మోన్ ఇంజెక్షన్ ఇవ్వాలి, మగచేపను కోసి వృషణాలు తీయాలి. ఇంత తతంగం ఉంటే ఎలా వ్యాపిస్తుంది?

రాత్రి డ్యూటీ:
చెరువులో పెట్టదు, నిజమే. ఆఫ్రికాలో వానలకు నది పొంగి గడ్డి నేలలు మునిగాక, రాత్రిపూట ఆ పల్చటి నీళ్లలోకి ఎక్కి గడ్డికి గుడ్లు అంటిస్తుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగింది, గుర్తుందా? ఆ నీళ్లు పోయేది కొల్లేరులోకే. గట్టు తెగితే దానికి కావాల్సిన ఏర్పాటంతా మనమే చేసిపెట్టినట్టు. పైగా తడి నేల మీద పాకి పక్క గుంటలోకి పోగలదు. పంగాసియస్‌కు ఆ విద్య లేదు, గుడ్లు పెట్టాలంటే దానికి పెద్ద నదిలో దూరం ఈదాలి.

కొల్లేరు గట్టు:
సరే, నైజీరియా పద్ధతిలో తొట్టెల్లోనే పెంచమని లైసెన్సు ఇస్తే?

రాత్రి డ్యూటీ:
పైన వల, బయటికి పోయే నీటికి జాలీ, మేత కొన్న బిల్లులు. ఇవి పెట్టి కిలోకు ఖర్చెంత పడుతుందో లెక్కేసి ఇక్కడ పెట్టు. అప్పుడూ లాభం కనిపిస్తే నేనూ నీ పక్కే.

కొల్లేరు గట్టు:
పెల్లెట్ మేత (కొనే గుళికల మేత) రేటుతో వేస్తే పెద్దగా మిగలదు, ఒప్పుకుంటా. మిగలకపోతే ఎవరూ పెంచరు కదా, ఇక నిషేధం ఎందుకు?

రాత్రి డ్యూటీ:
దొంగచాటుగా పెంచేవాడు పెల్లెట్ కొనడు కాబట్టి.