స్ఫింక్స్ మంచు కరిగిందంటే వాతావరణం మారినట్టేనా?

డీఒడ్డు (అబర్డీన్):
పోయిన ఆదివారం మా ఇంట్లో భోజనాల దగ్గర ఈ వాదన మొదలైంది. తేలకుండానే అందరూ చేతులు కడుక్కుని వెళ్ళిపోయారు. అందుకే ఇక్కడ పెడుతున్నా.

స్కాట్లండ్‌లోని కెయిర్న్‌గార్మ్ కొండల్లో బ్రేరియాక్ అని 1296 మీటర్ల కొండ ఉంది. ఎత్తులో బ్రిటన్ మొత్తానికి మూడోది. దాని ఒక పక్కన గిన్నెలా తొలిచినట్టుండే లోయ పేరు గార్వ్ కోరీ మోర్. ఆ రాతిగోడల నీడలో వేసవంతా గడిచినా కరగని మంచు మేట ఒకటి ఉండేది. దాని పైనున్న రాక్ క్లైంబింగ్ దారి పేరుతోనే దాన్ని స్ఫింక్స్ అంటారు. పాత మంచు పూర్తిగా కరిగేలోపు కొత్త చలికాలపు మంచు వచ్చి కప్పేస్తే, ఆ ఏడాది మేట బతికినట్టు లెక్క.

1933లో అది కరిగిపోతే స్కాటిష్ మౌంటెనీరింగ్ క్లబ్ వాళ్ళు టైమ్స్ పత్రికకు ఉత్తరం రాశారు. వాళ్ళకు అది అంత వింత. ఆ తర్వాత 2023 దాకా కరిగిన సంవత్సరాలు ఇవి: 1959, 1996, 2003, 2006, 2017, 2018, 2021, 2022, 2023. 1996 తర్వాత మధ్యలో ఎడం ఎలా తగ్గిపోయిందో చూడండి. మొదట 26 ఏళ్ళు, తర్వాత 37 ఏళ్ళు, ఆఖరికి వరసగా మూడేళ్ళు. వాతావరణం మారిందనడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? కాదనేవాళ్ళు ఎందుకు కాదో చెప్పండి.

లెక్కలవాడు (ఎడిన్‌బరా):
అన్నా, వేడి పెరగడం లేదని నేను అనడం లేదు. నా పేచీ సాక్ష్యంతోనే. ఒక మంచు మేట థర్మామీటర్ కాదు. అక్కడ మంచు ఎంత చేరుతుందో తేల్చేది ఆకాశం కంటే ఎక్కువగా గాలి. నైరుతి గాలి గట్టిగా వీస్తే కొండ నెత్తిన పడిన మంచంతా కొట్టుకొచ్చి, ఈశాన్యం వైపు తెరుచుకున్న ఆ గిన్నెలో మేట వేస్తుంది. గాలి దిశ మారితే కథ మారిపోతుంది.

2018 గుర్తుందా? ఫిబ్రవరి చివర్లో ‘బీస్ట్ ఫ్రమ్ ది ఈస్ట్’ అనే తూర్పు చలిగాలి వచ్చి బస్సులు, రైళ్ళు, బళ్ళు అన్నీ ఆగిపోయాయి. మా వీధిలో కార్లు మంచులో కూరుకుపోయాయి. అంత చలి వేసిన ఏడే స్ఫింక్స్ కరిగిపోయింది. తూర్పు గాలి ఆ గిన్నెను నింపదు, ఊడ్చేస్తుంది. ఇక 2015లో స్కాట్లండ్ మొత్తం మీద డెబ్బైకి పైగా మేటలు బతికాయి. వాతావరణం వెనక్కి తిరిగిందని అప్పుడు ఎవరైనా అన్నారా? అనకూడదు కూడా.

ఇంకో మాట. 1933కి ముందు రెండు వందల ఏళ్ళు ఆ మంచు కరగలేదంటారు. 1800ల్లో ఏటా సెప్టెంబర్ చివర అంత దూరం నడిచి వెళ్ళి చూసి రాసిపెట్టిందెవరు?

ఇన్వర్నెస్ అక్క:
తమ్ముడూ, రాసిపెట్టకపోయినా ఊరికి గుర్తుంటుంది. మా ఇంటి కిటికీలోంచి బెన్ వైవిస్ కొండ కనిపిస్తుంది. దాని కింది ఫౌలిస్ భూములు మన్రో వంశానివి. రాజు అడిగితే నడివేసవిలో ఒక మంచు ముద్ద తెచ్చి ఇవ్వాలన్న షరతు మీద ఆ భూములు వాళ్ళకు దక్కాయని ఇక్కడ తరతరాలుగా చెప్పుకుంటారు. నడివేసవిలో కొండమీద మంచు దొరకదనుకుంటే ఆ షరతు ఎవరైనా ఒప్పుకుంటారా? నేనిక్కడికి వచ్చి 19 ఏళ్ళు. మొదట్లో మే నెల పోయాక కూడా ఆ కొండమీద తెల్లటి చారలు ఉండేవి. ఇప్పుడు చాలా ఏళ్ళు వెతుక్కోవాల్సి వస్తోంది.

లెక్కలవాడు:
అక్కా, కథ బాగుంది. కానీ అది జూన్ నాటి మంచు సంగతి. మన వాదన సెప్టెంబర్, అక్టోబర్ దాటి మిగిలే మంచు గురించి. కిటికీలోంచి చూసిన జ్ఞాపకం మీద నాకు గౌరవం ఉంది గానీ, దాన్ని లెక్కలో వేసుకోలేను.

డీఒడ్డు:
సరే, లెక్కే చూద్దాం. 1933 నుంచి 1995 దాకా 63 ఏళ్ళలో రెండుసార్లు కరిగింది. 1996 నుంచి 2023 దాకా 28 ఏళ్ళలో ఎనిమిదిసార్లు. గాలే కారణమైతే ఒక ఏడు తీసుకున్నది ఇంకో ఏడు తిరిగి ఇవ్వాలిగా? ఎప్పుడూ నష్టం వైపే ఎందుకు మొగ్గుతోంది?

1800ల సంగతి నువ్వన్నట్టే గట్టిగా చెప్పలేమనుకో. కానీ 20వ శతాబ్దం మధ్య నుంచి అలా కాదు. ఆడం వాట్సన్ గారు కుర్రవాడిగా ఉన్నప్పటి నుంచి ఈ మేటలు చూస్తూ, రాస్తూ వచ్చారు. 2019లో పోయేదాకా అదే పని. ఆయన బాటలోనే ఇయన్ కామెరాన్ గారు, ఇంకా ఎంతోమంది వాలంటీర్లు వేసవి చివర్లో కొండలెక్కి మేటల్ని లెక్కపెడుతున్నారు. ఆ లెక్కలు రాయల్ మెటియరోలాజికల్ సొసైటీ వారి ‘వెదర్’ పత్రికలో వస్తాయి. ఇది చెవినపడ్డ మాట కాదు.

లెక్కలవాడు:
కరిగిన ఏడాదినే మొదలుగా పెట్టుకుని 1996 నుంచి లెక్కపెట్టావు. దాంతో లెక్క నీ వైపు కొంచెం మొగ్గుతుంది. 1997 నుంచి చూస్తే 27 ఏళ్ళలో ఏడుసార్లు. అయినా తేడా పెద్దదే, ఒప్పుకుంటున్నా. అది ఒక్క గాలి వల్లే వచ్చిందని నేను కూడా అనలేను.

గ్లాస్గో కుర్రాడు:
అన్నలూ, స్విట్జర్లండ్‌లో రోన్ హిమానీనదం మీద వేసవిలో తెల్లటి దుప్పట్లు కప్పుతూ వచ్చారు. స్ఫింక్స్ దానితో పోలిస్తే ఎంత? నాలుగు టార్పాలిన్ పట్టాలు మోసుకెళ్ళి కప్పితే సరిపోదా? వాదించుకునేలోపు ఉన్నది పోతోంది.

మొక్కలపిచ్చి (అబర్డీన్):
తమ్ముడూ, నీ ఆత్రం నాకు అర్థమవుతోంది. కానీ వద్దు. నేను నాచు మొక్కల మీద పనిచేస్తాను. మంచు ఆలస్యంగా కరిగే చోట్ల మాత్రమే బతికే నాచులు, వాటిలాంటివే లివర్‌వర్ట్‌లనే చిన్న మొక్కలు ఉన్నాయి. ఏడాదిలో ఎక్కువ నెలలు మంచు కింద పడుకుని, అది కరిగిన కొద్ది వారాల్లోనే పచ్చబడతాయి. మంచు ముందే పోతే గడ్డి వచ్చి వాటి చోటు తీసేసుకుంటుంది. స్నో బంటింగ్ పిట్టలు ఆ మంచు మీద పడిన పురుగుల్ని ఏరుకుని తింటాయి. వీటికి కావలసింది స్ఫింక్స్ ఒక్కటే కాదు, కొండ కొండకూ ఉన్న వందలాది మేటలు. అన్నిటికీ పట్టా కప్పగలమా?

ఇంకోటి, మేట మీద ఎండ పడేది తక్కువ. దాన్ని తినేసేది వెచ్చటి తేమగాలి, వాన. దుప్పటి పని చేసేది ముఖ్యంగా ఎండ మీద. అన్నిటికంటే పెద్ద దెబ్బ చలికాలం ఆలస్యం కావడం. కరగకుండా నిలిచే కొత్త మంచు ముందే పడితే అప్పటిదాకా ఓర్చుకున్న మేట బతికిపోతుంది. ఆ కొత్త మంచు వారం వారం ఆలస్యమైతే ఎంత ఓర్చుకుంటుంది?

జేమ్స్ హట్టన్ ఇన్‌స్టిట్యూట్ అనే పరిశోధన సంస్థ వాళ్ళు 2020లో కెయిర్న్‌గార్మ్ మంచు మీద ఇచ్చిన రిపోర్టు చదవండి. 2030ల నుంచి మంచు తగ్గడం ఇంకా వేగం అందుకోవచ్చని, 2080 నాటికి కొన్ని ఏళ్ళు మంచు దాదాపు లేకుండానే గడవచ్చని అందులో ఉంది. నాకు టెన్షన్ ఆ మాట గురించే. ఒక మేటను కాపాడితే అది తీరేది కాదు.

డీఒడ్డు:
ఒక్కటి చెప్పి ఆపుతా. 2019 ఆగస్టు చివర నేను ఆ లోయలోకి దిగాను. దూరం నుంచి తెల్లగా కనిపించినా దగ్గరికి వెళితే తెలుపు తక్కువ. పైనుంచి రాలిన రాతి నుసితో పెచ్చుకట్టి ఉంది. చేత్తో గీకితే లోపల కల్లుప్పు గింజల్లా గరుకుగా, గట్టిగా తగిలింది. కింద నీళ్ళు తొలిచిన సందు ఒకటుంది. దాని ముందు కూర్చుంటే లోపలి నుంచి వచ్చే గాలికి మోకాళ్ళు కొంకర్లు పోయాయి. లోపల చుక్క చుక్కగా నీళ్ళు పడుతున్న చప్పుడు. ఆ నీళ్ళు డీ నదిలోకే పోతాయి. అబర్డీన్‌లో మా కుళాయిలో వచ్చేదీ డీ నీళ్ళే. ఆ రోజు దోసిట్లో పట్టుకుని తాగాను.

2023లో శరదృతువులో మళ్ళీ వెళ్ళాను. మేట లేదు. చుట్టూ ఉన్న బండల మీద లైకెన్ (రాళ్ళ మీద నాచులా పట్టే జీవి) పూత నల్లగా, పచ్చగా పట్టి ఉంటే, మేట ఉన్నచోట రాళ్ళు మాత్రం నిన్న పగలగొట్టినట్టు లేత రంగులో ఉన్నాయి. ఎన్నో ఏళ్ళు మంచు కిందే ఉండటంతో వాటి మీద ఏమీ మొలవలేదు. మేట ఎంత మేర ఉండేదో ఆ రంగే చూపిస్తోంది.

లెక్కలవాడు:
అన్నా, ఆ రాళ్ళ మాట నాకు కొత్త. లైకెన్ మెల్లగా పెరుగుతుంది కాబట్టి అక్కడ మంచు ఎంతకాలం ఉండిందో ఆ రాళ్ళే కొంత చెప్పొచ్చు. నేనడిగిన 1800ల రికార్డు కాగితం మీద లేకపోయినా, కొండమీద కొంత మిగిలి ఉందన్నమాట. ఒక్క మేటనే సాక్ష్యం చేయకూడదన్న నా మాట వెనక్కి తీసుకోను. కానీ ఆ హద్దులు కొలవాలనిపిస్తోంది. ఈ సెప్టెంబర్‌లో వెళుతున్నావా?

డీఒడ్డు:
వెళుతున్నా. షుగర్ బౌల్ కార్ పార్క్ దగ్గర పొద్దున 6కి కలుద్దాం. చలమేన్ గ్యాప్ మీదుగా పోతే బ్రేరియాక్ చేరేసరికి మధ్యాహ్నం అవుతుంది. వాన పడితే లోయలోకి దిగం, పైఅంచు నుంచి బైనాక్యులర్స్‌తో చూద్దాం. కొలిచే టేపు నువ్వు తీసుకురా.

ఇన్వర్నెస్ అక్క:
పులిహోర, టీ ఫ్లాస్కు నావి. లేత రంగు రాళ్ళు దొరికితే నాకూ చూపించండి.