పాత కారు బానెట్ తెరుచుకోవడం లేదు, గ్రిల్లు పగలగొట్టడం తప్ప మార్గం లేదా?

ప్రశ్న (భీమిలి తీరవాసి)

మా నాన్నగారు 2006లో కొన్న చిన్న పెట్రోలు కారును ఇప్పుడు నేను వాడుతున్నాను. గత ఏడెనిమిది నెలలుగా అది ఎక్కువగా ఇంటి ముందు రేకుల షెడ్డులోనే ఉండిపోయింది. మొన్న ఆదివారం కూలెంటు చూద్దామని, స్టీరింగు కింద కుడి మోకాలి దగ్గర ఉండే బానెట్ పిడిని లాగితే, ముందువైపు నుంచి ఎప్పుడూ వినిపించే ‘టక్’ అన్న చప్పుడు రాలేదు, బానెట్ కూడా వెంట్రుకవాసి లేవలేదు. నాలుగైదు సార్లు గట్టిగా లాగి, ఎక్కడ తెగుతుందోనన్న భయంతో మానేశాను.

2021లో ఐదేళ్లకు పొడిగించుకున్న రిజిస్ట్రేషను గడువు ఈ నెలాఖరుతో ముగుస్తుంది. రెన్యూవలు తనిఖీలో ఇంజను నంబరు చూపించాలంటే బానెట్ తెరవక తప్పదు. దగ్గరలోని మెకానిక్ షెడ్డులో అడిగితే గ్రిల్లు పగలగొట్టాలని తేలిగ్గా చెప్పేశారు. ఈ మోడలుకు గ్రిల్లు ఇప్పుడు పాత సామాన్ల దుకాణాల్లో తప్ప దొరకదు. ఏదీ పగలకుండా తెరిచే పద్ధతి ఉంటే దయచేసి తెలియజేయగలరు.

జవాబు (ఖమ్మం గ్యారేజీ)

అయ్యా, ముందుగా గట్టిగా లాగడం మానేసి మంచి పని చేశారు. పిడి నుంచి ముందున్న లాక్ దాకా వెళ్లే కేబులు లోపలి తీగ తెగితే పని రెట్టింపవుతుంది.

ఇలాంటి బండ్లు మా దగ్గరికి వచ్చినప్పుడు మేము మొదట అడిగేది, పిడి లాగినప్పుడు చేతికి ఏం తెలుస్తోందన్నదే. పిడి బరువు లేకుండా ఊగిపోతుంటే తీగ తెగిందని గాని, పిడి దగ్గరి కొక్కెం నుంచి జారిందని గాని అర్థం. కొద్దిగా కదిలి రాయిలా ఆగిపోతే ముందున్న లాక్‌లోనో, కేబులు గొట్టం లోపలో తుప్పు పట్టిందన్నమాట. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో మామూలుగా జరిగేది ఇదే. పిడి పూర్తిగా వస్తూ, రబ్బరు లాగినట్టు సాగుతున్నట్టు అనిపిస్తే మాత్రం తీగకూ లాక్‌కూ దోషం లేకపోవచ్చు, ఆ సంగతి వేరే చెప్పాలి.

ఏదైనా సరే, ముందు ఖర్చు లేని పని ఒకటి చేసి చూడండి. ఒకరు లోపల కూర్చుని పిడిని లాగి, వదలకుండా పట్టుకోవాలి. మరొకరు బానెట్ ముందు అంచును సరిగ్గా లాక్ ఉన్నచోట, రెండు అరచేతులతో కిందికి నొక్కి వదులుతూ ఉండాలి. బానెట్‌ను పైకి తోసే స్ప్రింగు, అంచున ఉండే రబ్బరు దిమ్మలు కలిసి కొక్కాన్ని ఎప్పుడూ బిగువుగా పట్టి ఉంచుతాయి. పైనుంచి నొక్కితే ఆ బిగువు తగ్గి, తుప్పు పట్టిన కొక్కెం కూడా చాలాసార్లు వదిలేస్తుంది. పిడికిలితో గుద్దవద్దు, రేకు సొట్టపోతుంది.

జవాబు (పాతబండి ప్రేమికుడు)

నాకైతే గ్రిల్లు సందులోంచి పొడవాటి ఇనుప చువ్వ పెట్టి లాక్ పక్కకు నెడితే రెండు నిమిషాల్లో తెరుచుకుంది. ఇంత ఆలోచించాల్సిన పని లేదని నా అభిప్రాయం.

జవాబు (ఖమ్మం గ్యారేజీ)

మీకు తెరుచుకున్నందుకు సంతోషమే, కానీ అందరికీ ఆ సలహా ఇవ్వలేను. గ్రిల్లు వెనకే రేడియేటరు ఉంటుంది. దాని అల్యూమినియం రేకులు గోరు తగిలినా వంగేంత పలుచన. చువ్వ జారి గొట్టానికి చిల్లు పడితే బానెట్ తెరుచుకున్నా బండి కదలదు. ఇంజను వేడిగా ఉంటే కొన్ని బండ్లలో తాళం తీసేసినా ఫ్యాను దానంతటదే తిరుగుతుంది. బ్యాటరీ ముందువైపు ఉన్న బండ్లలో చువ్వ టెర్మినలుకు తగిలే ప్రమాదం కూడా ఉంది. తప్పనిసరైతే ఇంజను పూర్తిగా చల్లారాక, టార్చి వేసి లాక్ కంటికి కనిపిస్తున్నప్పుడు మాత్రమే, టేపు చుట్టిన పొడవాటి స్క్రూడ్రైవరు వాడాలి. కింది నుంచి ప్రయత్నించేవారు జాకీ ఒక్కదాన్నే నమ్ముకుని బండి కిందికి దూరకూడదు, స్టాండ్లు ఉండాల్సిందే.

భీమిలి తీరవాసి

మీరు చెప్పినట్టే మా తమ్ముణ్ణి బానెట్ నొక్కమని, నేను పిడి పట్టుకున్నాను. తెరుచుకోలేదు. అయితే పిడి మీరు మూడోదిగా చెప్పినట్టే పూర్తిగా వస్తోంది, రబ్బరులా సాగుతోంది. కింద పడుకుని టార్చి వేసి చూస్తే, పిడి లాగినప్పుడల్లా కేబులు పైనున్న నల్ల గొట్టం కూడా అరంగుళం మేర ముందుకూ వెనక్కూ కదులుతోంది. అది అలా కదలవచ్చా?

జవాబు (ఖమ్మం గ్యారేజీ)

కదలకూడదు, మీ సమస్య అక్కడే ఉంది. సైకిలు బ్రేకు వైరును గుర్తు చేసుకోండి. పైగొట్టం రెండు చివరలా స్థిరంగా నిలబడితేనే లోపలి తీగ దానిలో జారి అవతలి వస్తువును లాగుతుంది. గొట్టం చివర పట్టు తప్పితే మీరు పెట్టిన బలమంతా గొట్టాన్ని కదపడానికే సరిపోతుంది, లాక్ దగ్గరికి ఏమీ చేరదు. పిడి దగ్గర గొట్టాన్ని పట్టి ఉంచే ప్లాస్టిక్ క్లిప్పు ఇరవై ఏళ్ల వేడికి పెళుసెక్కి విరిగి ఉంటుంది.

పిడిని పట్టి ఉంచే రెండు స్క్రూలు విప్పి పిడిని కిందికి దించండి. ఎడమ చేత్తో గొట్టం చివరను కదలకుండా ముందువైపుకు అదిమి పట్టండి. కుడి చేత కటింగ్ ప్లేయరుతో లోపలి తీగ చివరి గుండును పట్టుకుని, కుదుపు లేకుండా నిలకడగా మీవైపుకు లాగండి. తీగను ప్లేయరు కోతభాగంతో పట్టుకుంటే తెగిపోతుంది, ముక్కుతోనే పట్టుకోవాలి. అదే సమయంలో మీ తమ్ముడు గారు బానెట్‌ను నొక్కి వదులుతూ ఉండాలి.

భీమిలి తీరవాసి

తెరుచుకుంది! రెండో ప్రయత్నంలోనే ‘టక్’ మంది. క్లిప్పు సగానికి విరిగి ఉంది. లాక్‌లో గ్రీజు మాత్రం ఎండి, ఇసుకతో కలిసి తారులా గట్టిపడింది. మళ్లీ మూయడానికి చేతులు రావడం లేదు.

జవాబు (ఖమ్మం గ్యారేజీ)

ఇప్పుడే మూయకండి. కిరోసినులో ముంచిన పాత బ్రష్షుతో లాక్‌ను రుద్ది, గుడ్డతో తుడిచి, ఆరిన తరువాత కొత్త గ్రీజు పెట్టండి. డబ్ల్యూడీ-40 లాంటి స్ప్రే తుప్పు వదిలించడానికి పనికొస్తుంది గాని, గ్రీజులా ఎక్కువ కాలం నిలవదు. కేబులు మొత్తం మార్చేటట్టయితే పాత దాన్ని ఊడబెరికే ముందు దాని చివరకు గట్టి పురికొస కట్టి లాగండి. డాష్‌బోర్డు వెనక అది వెళ్లిన దారిలోనే కొత్తది ఆ తాడు వెంట వస్తుంది. లేదంటే ఆ దారి కనిపెట్టడానికే ఒక పూట పడుతుంది.

కొత్త క్లిప్పు దొరికేదాకా గొట్టాన్ని దాని బ్రాకెట్టుకు మెత్తటి ఇనుప తీగతో బిగించి కట్టవచ్చు. ఆ తరువాత, బానెట్ పైకి లేచి ఉండగానే, లాక్ నోట్లో స్క్రూడ్రైవరు పెట్టి కిందికి నొక్కితే బానెట్ మూసినట్టే కొక్కెం పడుతుంది. లోపలి నుంచి పిడి లాగి అది వదులుతుందో లేదో వరుసగా పదిసార్లు చూడండి. పదిసార్లూ వదిలితేనే బానెట్ దించండి.